పనికీ ఆటకూ ఒకే యంత్రం



ఈ శీర్షికకు సాధారణంగా వారసత్వపు వాటాల గురించి, జకాతు లెక్కల గురించి, వివాహ సంబంధాల గురించి ఉత్తరాలు వస్తుంటాయి. గత రెండు నెలల్లో మాత్రం మూడు ఉత్తరాలు ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. అది అరచేతిలో చిన్న బిస్కెట్టులా ఇమిడిపోయే వస్తువు. ధర మాత్రం కొన్ని ఇళ్లలో నెల జీతాన్ని మించుతుంది. కంప్యూటరుకు గుండెకాయ అని పిల్లలు చెప్పుకునే ప్రాసెసర్ అది.

మొదటి ఉత్తరం పుంగనూరు నుండి ఒక తల్లి వ్రాసినది. ఆమె కుమారుడు మదనపల్లెలోని ఫోటో స్టూడియోలకు పెళ్లి ఆల్బములు డిజైను చేస్తాడు, వీడియోలు కూర్చి ఇస్తాడు. స్టూడియోవారి యంత్రం మీద ఎంతకాలం పనిచేసినా రోజుకూలీయే తప్ప పని సొంతం కాదని, ఇంట్లోనే ఒక కంప్యూటరు పెట్టుకుంటానని అంటున్నాడు. రాత్రిపూట ఆటలు ఆడుకోవడానికి కూడా అదే పనికివస్తుందట. అతడు వ్రాసి ఇచ్చిన అంచనా 1,10,000 రూపాయలు. "హజ్రత్, నా దగ్గర పెళ్లినాటి గాజుల జత ఉంది. అది అమ్మమంటారా? వాయిదాల మీద తీసుకోమంటారా? వీడు చెప్పే 16 కోర్లు లేకపోతే నిజంగా పని జరగదా?" అన్నది ఆమె ప్రశ్న.

రెండవది మదనపల్లె నుండి ఒక తండ్రిది. గేమింగ్ కంప్యూటరు అనే పేరుతో అమ్ముతున్న యంత్రాన్ని ముస్లిము ఇంటిలోనికి తేవచ్చునా అని అడిగారు. మూడవది కుప్పంలో చదువుకుంటున్న ఒక విద్యార్థిది. త్రీడీ బొమ్మల పని నేర్చుకుంటున్నాడు. ఇంటెల్ కొనాలా, ఏఎండీ కొనాలా చెప్పమన్నాడు. అతని ఉత్తరంలో సలాము తరువాత ఒకే ఒక్క వాక్యం ఉంది.

మద్రసాలో హదీసు పాఠం చెప్పుకునేవాడికి ప్రాసెసర్లతో ఏమి పని అని కొందరు అనుకోవచ్చు. చేయి కాల్చుకున్నవాడికి పొయ్యి సంగతి తెలుస్తుంది. 2022లో మా మద్రసాకు ఒక కంప్యూటరు అవసరమైంది. ఉర్దూ ప్రకటనలు ఇన్‌పేజ్‌లో కూర్చుకోవాలి, చిన్నపిల్లల దీనియాత్ పాఠాలు తెలుగులో పేజీలు కట్టుకోవాలి. సొమ్ము దాతలు ఇచ్చినది, అంటే అమానతు. అంగడివాడు పెట్టె మీద అంటించిన చీటీ చూపించి, "ఐ7 సార్, దీని పైన ఇంకేదీ లేదు" అన్నాడు. నేను నమ్మి తెచ్చాను. ఇన్‌పేజ్ వరకు బాగానే నడిచింది. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్ ఎంత పాత యంత్రం మీదనైనా నడుస్తుంది. తెలుగు పేజీలు, ఫోటోలు, బ్రౌజరు ఒకేసారి తెరిస్తే మాత్రం యంత్రం నిద్రపోయేది. రంజాను సెలవులకు బెంగళూరు నుండి వచ్చిన ఒక పూర్వ విద్యార్థి దానిని తెరిచి చూశాడు. "ఉస్తాద్, వాడు అబద్ధం చెప్పలేదు. ఇది ఐ7యే. కాకపోతే 2011లో వచ్చిన ఐ7" అన్నాడు.

దాని పూర్తి పేరు ఐ7-2600. అందులోని కోర్లు నాలుగు. నేను కొన్న సంవత్సరమే మార్కెట్లోకి వచ్చిన ఐ3-12100లోనూ కోర్లు నాలుగే. పేరును బట్టి చూస్తే ఐ3 చిన్నది, ఐ7 పెద్దది. పనిలో మాత్రం ఆ చిన్నది ఈ పెద్దదానిని సునాయాసంగా దాటిపోతుంది. ఐ తరువాత ఉండే 3, 5, 7, 9 అంకెలు ఒకే తరంలోని అన్నదమ్ముల మధ్య హెచ్చుతగ్గులు మాత్రమే చెబుతాయి. గీత తరువాత వచ్చే అంకెలలో తరం ఉంటుంది: 2600 అంటే రెండవ తరం, 12400 అంటే పన్నెండవ తరం. తాతగారు ఆ ఇంటికి పెద్దే కావచ్చు, మూటలు మోయడానికి మనవడే కావాలి. పైగా ఎనిమిదవ తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు అన్నింటికీ విండోస్ 11 అధికారికంగా వర్తించదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ఆపివేసింది. పాత ఐ7 చౌకగా దొరుకుతున్నదని సంబరపడేవారు ఈ తేదీని గుర్తుంచుకోవాలి.

నేను తిరిగి వెళ్లి అడిగితే, "మీరు ఐ7 అడిగారు, నేను ఐ7 ఇచ్చాను" అన్నాడు ఆ అంగడివాడు. దాతల సొమ్ముకు కలిగిన నష్టాన్ని నా జీతం నుండి కొన్ని నెలలపాటు పూడ్చవలసివచ్చింది. మా ఇంట్లో ఆ సంగతి ఇప్పటికీ అప్పుడప్పుడు ప్రస్తావనకు వస్తుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడితో తనకు సంబంధం లేదని ప్రకటించారు. మదనపల్లె టమోటా మార్కెట్టులో తిరిగినవారికి ఈ హదీసును వివరించే పని లేదు. క్రేటులో పై వరుస ఎర్రగా నిగనిగలాడుతుంది, అనుభవజ్ఞుడు మాత్రం అడుగుకు చేయి పోనిచ్చి చూస్తాడు. చీటీ అంటించిన కంప్యూటరు పెట్టె కూడా అటువంటి క్రేటే. అన్నట్టు, మన ఊళ్లలో ఆ పెట్టె మొత్తాన్నీ సీపీయూ అంటారు. సీపీయూ అన్నది నిజానికి లోపలి ప్రాసెసర్ పేరు. ఈ పేరు తారుమారు కావడం కూడా అమ్మేవాడికే కలిసివస్తుంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. సృజనాత్మక పనికీ, ఆటకూ కలిపి ప్రాసెసర్‌ను ఎన్నుకోవడంలో చిక్కు ఏమిటంటే ఆ రెండూ ప్రాసెసర్‌ను ఒకే విధంగా వాడుకోవు.

వలీమా వంటను తలచుకోండి. యాభై కిలోల ఉల్లిగడ్డలు తరగాలంటే పదిమంది కూర్చుంటే పని పదింతలు త్వరగా అవుతుంది. డేగిషాకు దమ్ము పెట్టి, ఆవిరి వాసన పట్టి దించే పని మాత్రం ఒక్క బావర్చీదే. పదిమంది మూత చుట్టూ నిలబడినా దమ్ము త్వరపడదు. కోర్లు అంటే పనివాళ్లు. ఒక్కొక్క కోరుకు ఉన్న వేగం ఆ బావర్చీ చేతి నైపుణ్యం. కొన్ని పనులకు మనుషులు ఎక్కువ కావాలి, కొన్నింటికి ఒక్క మంచి చేయి కావాలి.

ఫోటోషాప్‌లో ఆల్బము పేజీలు కూర్చే పని ఎక్కువగా బావర్చీ తరహా పని. పొరలు కదపడం, ముఖాలు సరిచేయడం వంటి వాటిలో అధికభాగం కొద్ది కోర్ల మీదనే నడుస్తుంది. అక్కడ 16 కోర్ల ప్రాసెసర్ పెడితే ఆరుగురు పనిచేస్తుంటే పదిమంది గోడకు ఆనుకుని నిలబడి ఉంటారు. ఫ్లెక్సీలు, శుభలేఖలు కోరల్‌డ్రాలో చేసేవారికీ ఇదే మాట వర్తిస్తుంది. వారికి ప్రాసెసర్ కంటె ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎక్కువ మేలు చేస్తాయి. వీడియోను కూర్చి చివరన ఒక్క ఫైలుగా బయటికి తీసే పని ఉల్లిగడ్డల తరహాది. బ్లెండర్‌లో ప్రాసెసర్ మీద రెండరింగ్ చేయడం అచ్చంగా అదే. అక్కడ ప్రతి కోరూ చెమటోడ్చుతుంది.

ఆటలలో రెండూ కలుస్తాయి. తెరమీద దృశ్యాన్ని గీసే బరువంతా గ్రాఫిక్స్ కార్డుదే. ఏ శత్రువు ఎటు కదలాలి, గోడ ఎలా కూలాలి అనే లెక్క ప్రాసెసర్‌ది. ఆ లెక్క వరుసగా జరగాలి గనుక కోరు వేగమే ముఖ్యం. ఆరు లేదా ఎనిమిది కోర్లకు మించి ఉన్నా చాలా ఆటలు వాడుకోలేవు. ఏఎండీ సంస్థ 2023 ఏప్రిల్‌లో విడుదల చేసిన రైజన్ 7 7800ఎక్స్3డీ దీనికి సాక్ష్యం. దానిలో ఉన్నవి ఎనిమిది కోర్లే, అయితే 96 ఎంబీల ఎల్3 క్యాషె ఉంది. క్యాషె అంటే బావర్చీ పక్కనే పెట్టుకునే మసాలా డబ్బా. కొట్టుగదికి పరుగెత్తకుండా చేతికి అందుతుంది. అదే సంస్థవారి 16 కోర్ల ప్రాసెసర్ రైజన్ 9 7950ఎక్స్ కంటె ఈ ఎనిమిది కోర్లదే ఆటలలో ముందుంటుంది. వీడియో బయటికి తీసే పనిలో వరుస తిరగబడుతుంది. ఎక్కువ ధర పెడితే అన్నింటా మేలే అనే భ్రమకు ఇంతకంటె మంచి విరుగుడు నాకు కనబడలేదు.

ఇంకొక మాట. తెర 1080పీ అయి, ఆట వేగంగా కాల్చుకునే పోటీ ఆట అయితే ప్రాసెసర్ తేడా తెలుస్తుంది. తెర పెద్దదయ్యేకొద్దీ, దృశ్యం బరువెక్కేకొద్దీ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదికి పోతుంది. అప్పుడు మధ్యస్థపు ప్రాసెసర్‌కూ ఖరీదైనదానికీ మధ్య తేడా కంటికి ఆనదు. పరీక్షల పట్టికలలో కనిపించే పెద్ద తేడాలు చాలావరకు అత్యంత ఖరీదైన కార్డుతో, తక్కువ రిజల్యూషన్‌లో తీసినవి. అవి అబద్ధాలు కావు. అటువంటి కార్డు మన ఇంట్లో ఉండదు, అంతే.

పుంగనూరు సోదరీ! ఇప్పుడు మీ కుమారుడి అంచనా కాగితాన్ని పరిశీలిద్దాం. 16 కోర్ల ప్రాసెసర్, దానికి తగిన ఖరీదైన మదర్‌బోర్డు, దానిని చల్లబరచడానికి నీటి కూలర్, రంగురంగుల దీపాల పెట్టె. సొమ్ములో సగానికి పైగా అక్కడే పోయింది. ఆట భారాన్ని అసలు మోయవలసిన గ్రాఫిక్స్ కార్డు అన్నింటికంటె చౌకది. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌కు కంపెనీ పేరు కూడా వ్రాయలేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లుంది ఇది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే ఒంటరిగా పోదు, పక్కనున్న భాగాలను కూడా వెంట తీసుకుపోవచ్చు.

అతడు చేసే పనికి ఆరు కోర్లు చాలును. ఇంటెల్ ఐ5-12400 గాని, ఏఎండీ రైజన్ 5 5600 గాని తీసుకోవచ్చు. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. రెండూ 65 వాట్ల తరగతివి. మీ అబ్బాయికి నేను మొదటిదే సూచిస్తాను. దానికి కారణం ఉంది. నేటి పెళ్లి కెమెరాలలో పలువురు హెచ్‌ఈవీసీ పద్ధతిలో, 10 బిట్, 4:2:2 రంగులతో చిత్రీకరిస్తున్నారు. ఆ ఫైలును తెరవడమే పాత కంప్యూటర్లకు ప్రాణాంతకం. ఇంటెల్ ప్రాసెసర్‌లోనే అమర్చిన గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే ప్రత్యేక విభాగం ఉంది. పన్నెండవ తరంలో అది ఈ రకపు ఫైళ్లను సులభంగా విప్పుతుంది. ఎన్విడియా కార్డులకు ఆ సామర్థ్యం 50 వరుసతోనే వచ్చింది. అయితే 12400ఎఫ్ అని చివర ఎఫ్ అక్షరం ఉన్నది మాత్రం తీసుకోవద్దు. ఆ అక్షరానికి అర్థం లోపలి గ్రాఫిక్స్ లేదని. కొద్ది వందలో వేయో మిగులుతుందని ఎఫ్ తీసుకుంటే, ఎందుకోసం కొన్నామో అదే పోతుంది. ఏఎండీ 5600కు లోపలి గ్రాఫిక్స్ లేదు. 5600జీకి ఉంది గాని దాని క్యాషె 5600లో సగమే.

లోపలి గ్రాఫిక్స్ ఉన్నందువల్ల ఇంకొక సౌలభ్యం ఉంది. ఈరోజే గ్రాఫిక్స్ కార్డు కొనవలసిన అవసరం లేదు. ఐ5-12400, 16 జీబీ ర్యామ్, ఒక మంచి ఎస్‌ఎస్‌డీ, పేరున్న ఎస్‌ఎంపీఎస్‌తో పని మొదలుపెట్టవచ్చు. ఆల్బములు వెంటనే చేయగలడు, వీడియోలు కూర్చగలడు. మీ అంచనాలో సగం సొమ్ముకు అటూయిటూగా ఇది సమకూరుతుంది. కార్డును తన సంపాదనతో తరువాత అతడే కొనుక్కుంటాడు. పెద్ద ఆటలు అప్పటివరకు ఆగుతాయి. పని తెచ్చే యంత్రం ముందు, ఆట ఆడించే భాగం దాని కూలితో తరువాత. ఒక తండ్రిలాంటివాడిగా ఈ క్రమం నాకు న్యాయంగా తోస్తున్నది. ర్యామ్ ధరలు మాత్రం ముందే విచారించండి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నుండి అవి విపరీతంగా పెరిగాయి. పాత డీడీఆర్4 రకం కూడా పెరిగింది. ర్యామ్ కోసం నాలుగు అంగళ్లు తిరగడం నామోషీ కాదు.

వాయిదాల విషయం. నో కాస్ట్ ఈఎంఐ అనే మాటను చూసి వడ్డీ లేదనుకోకండి. చాలా సందర్భాలలో బ్యాంకు వడ్డీ లెక్క కట్టే తీరుతుంది. ఆ మొత్తాన్ని అమ్మకందారు తగ్గింపు రూపంలో ముందుగా సర్దుతాడు. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని, అటువంటి పథకాలు వినియోగదారుడిని మభ్యపెడతాయని రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులను హెచ్చరించింది. ఒప్పందపత్రంలో వడ్డీ అనే పదం ఉండి, దానిమీద సంతకం చేయవలసివస్తే, తగ్గింపు ఎవరిచ్చినా అది వడ్డీ ఒప్పందమే అన్నది నా అభిప్రాయం. బ్యాంకు ప్రమేయం లేకుండా అంగడివాడే ఒక ధర నిశ్చయించి, ఆలస్యానికి అదనం లేకుండా నాలుగు వాయిదాలలో పుచ్చుకుంటే అభ్యంతరం లేదు. మన వీధులలో స్త్రీలు వేలంపాట లేకుండా పేర్లు తీసి నడుపుకునే చీటీ కూడా మంచి మార్గమే.

ఇక గాజులు. అవి మీవి. మీ భర్తకు గాని, కుమారుడికి గాని వాటిపై హక్కు లేదు. అమ్మవలసిన అవసరం ఈ యంత్రానికి లేదని పైన చెప్పాను. ఎంతో కొంత మీరే ఇవ్వదలచుకుంటే కానుకగా ఇస్తున్నారో, ఖర్జుగా ఇస్తున్నారో ముందే తేల్చి చెప్పండి. ఖర్జు అయితే కాగితం మీద వ్రాయించుకోండి. తల్లీకొడుకుల మధ్య కాగితమేమిటని బంధువులు నవ్వుతారు. దివ్యఖుర్ఆన్‌లోని అన్నింటికంటె పొడవైన ఆయతు, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పును వ్రాసిపెట్టుకోవడం గురించే అవతరించింది. అందులో తల్లీకొడుకులకు మినహాయింపు లేదు. మీకు ఇంకా సంతానం ఉంటే ఈ కాగితం రేపు వారి మధ్య తగాదాను కూడా తప్పిస్తుంది.

మదనపల్లె సోదరుని ప్రశ్నకు జవాబు క్లుప్తంగా చెబుతాను. గేమింగ్ అనేది పెట్టె మీది పేరు. ఆటకు పనికివచ్చే ప్రాసెసరే పద్దు వ్రాయడానికీ, తఫ్సీరు గ్రంథాన్ని పేజీలుగా కట్టడానికీ పనికివస్తుంది. వస్తువుకు దోషం లేదు, వాడకానికి ఉంటుంది. పందెం ఉన్న ఆట, పేరేదైనా, అల్ మాయిదా సూరా 90వ ఆయతు నిషేధించిన మైసిర్ కిందికే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం సొమ్ము పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. లోపల ఏముందో తెలియని పెట్టెలను డబ్బిచ్చి తెరిపించే ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిని కూడా నేను ఆ కోవలోనే చూస్తాను. పందెం, అశ్లీలం లేని ఆటల విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. నమాజు పోనంతవరకు, చదువూ జీవనోపాధీ చెడనంతవరకు పరిమితంగా అనుమతించినవారితో నేను ఏకీభవిస్తాను. ఇషా తరువాత మొదలై ఫజ్ర్‌ను మింగివేసే ఆటకు మాత్రం ఎవరి వద్దా అనుమతి దొరకదు. అందుకే కంప్యూటరును పిల్లవాడి గదిలో కాక నలుగురూ తిరిగే చోట పెట్టండి. ప్రాసెసర్ ఎంపిక కంటె ఈ ఎంపిక పెద్దది.

ఈ సందర్భంలోనే దొంగ సాఫ్ట్‌వేర్ మాట కూడా రావాలి. హలాలు సొమ్ముతో యంత్రం కొని, తాళం పగులగొట్టిన ఫోటోషాప్ వేసుకోవడం మన కుర్రవాళ్లకు మామూలైపోయింది. రచనా హక్కులు, ఆవిష్కరణ హక్కులు షరీఅతు దృష్టిలో రక్షించదగినవేనని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్ సమావేశంలో తీర్మానించింది. కొనలేనివారికి దారులు మూసుకుపోలేదు. గింప్, ఇంక్‌స్కేప్, క్రీటా, బ్లెండర్ ఉచితం. డావించి రిజాల్వ్‌కు కూడా ఉచిత ప్రతి ఉంది. అది గ్రాఫిక్స్ కార్డు మీద ఎక్కువగా ఆధారపడుతుంది గనుక దానితో పనిచేయదలచినవారు కార్డును త్వరగా సమకూర్చుకోవలసివుంటుంది. సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చుకోకుండా ప్రాసెసర్‌ను ఎన్నుకోవడం మనిషి కొలత తీయకుండా షేర్వానీ కుట్టించడమే.

కుప్పం బిడ్డా, ఇక నీ ప్రశ్న. ఇంటెల్, ఏఎండీ రెండూ మంచివే. ఏది కొన్నా నీకు జన్నతు దూరం కాదు. రెండింటికీ చరిత్ర మాత్రం తెలుసుకో. ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9, కొన్ని ఐ5 డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అవసరానికి మించిన వోల్టేజీని కోరి క్రమంగా చెడిపోయే లోపం 2024లో బయటపడింది. ఆ సంస్థ ఒప్పుకుని, ఆగస్టు నుండి బయోస్ ద్వారా సవరణలు ఇచ్చి, వాటి వారంటీని మరి రెండేళ్లు పొడిగించింది. అటువంటిది సెకండ్‌హ్యాండులో కొనేటప్పుడు ఆ సవరణ వేయకముందు అది ఎంతకాలం నడిచిందో అడగకుండా కొనకు. ఏఎండీవారి ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. ఈ రోజు దానిమీద ఆరు కోర్ల రైజన్ 5 7600 పెట్టి, నీ పని పెరిగిన తరువాత అదే బోర్డు మీద ఎక్కువ కోర్లది మార్చుకోవచ్చు. ఇంటెల్ 12, 13, 14 తరాల బోర్డుకు అటువంటి భవిష్యత్తు అంతగా లేదు. ఏఎం5కు ఖరీదైన డీడీఆర్5 ర్యామ్ కావాలన్నది దాని లోటు.

బ్లెండర్‌లో సైకిల్స్ రెండరింగ్‌ను గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తే ప్రాసెసర్ కంటె ఎన్నోరెట్లు వేగంగా చేస్తుంది. కనుక నీవు ఆరు కోర్లతో ఆగి, మిగిలిన సొమ్మును మెమరీ ఎక్కువున్న కార్డు మీద పెట్టు. నీ ఆటలకు కూడా అదే మేలు. ధూమం, నీరు వంటి వాటి సిమ్యులేషన్లు రోజూ చేసే స్థితికి వచ్చిన తరువాత ఎక్కువ కోర్ల గురించి ఆలోచించవచ్చు.

మన ప్రాంతంలో కరెంటు సంగతి నీకు తెలియనిది కాదు. ఐ9-14900కే పూర్తి బరువు మీద 253 వాట్లు లాగగలదు. అంగళ్లలో సాధారణంగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లు. కార్డు కూడా కలిస్తే కరెంటు పోయిన మరుక్షణం యంత్రం పడిపోతుంది, ఆరు గంటల రెండరింగ్ గంగలో కలుస్తుంది. ఐ5-12400 గరిష్ఠంగా లాగేది 117 వాట్లు.

మీ కుప్పానికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది, అది నీ పుట్టుకకు ముందటిది. 2002లో హెచ్‌పీ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ అనే పథకాన్ని ప్రారంభించింది. అందులో భాగంగా పొదుపు సంఘాల స్త్రీలకు డిజిటల్ కెమెరా, వెంట మోసుకుపోయే ప్రింటరు, సౌరశక్తి పలక ఇచ్చి ఫోటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దారు. ఆ స్త్రీలు పల్లెలకు వెళ్లి గుర్తింపు కార్డులకు, కుటుంబాలకు ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి నాలుగు రూపాయలు సంపాదించారు. ఆనాటి కెమెరా, ప్రింటరు శక్తి నేటి చౌక ఫోనులో పదోవంతు కూడా కాదు. ఏ పల్లెలో ఎవరికి ఫోటో కావాలో వారికి తెలుసు, అక్కడే వారి బలం.

కొనుగోలుకు బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్తానని వ్రాశావు. కుప్పం నుండి రైలు ఉంది, వెళ్లు. పక్కా బిల్లు లేకుండా తగ్గిస్తానంటే ఒప్పుకోకు. 18 శాతం జీఎస్‌టీ ఎగవేయడం ఒక తప్పయితే, వారంటీ పోగొట్టుకోవడం రెండవ నష్టం. బిల్లు మీద ఐ5, రైజన్ 5 అని కాక పూర్తి సంఖ్య, చివరి అక్షరంతో సహా వ్రాయించు. ప్రాసెసర్‌ను సీలు వేసిన డబ్బాలో తీసుకుని నీ ఎదుటనే తెరిపించు. సెకండ్‌హ్యాండుది అయితే మూడు రోజులలో తిరిగి ఇచ్చే షరతు ముందే మాట్లాడుకో. మేము మద్రసాలో హిదాయా గ్రంథం చదివేటప్పుడు బేరాల అధ్యాయంలో దీనిని ఖియారె షర్త్ అంటాము. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దానికి మూడు రోజుల హద్దు పెట్టారు. అమ్మినవాడు దాచిన లోపం తరువాత బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు ఖియారె ఐబ్. నా ఐ7 బేరంలో నాకు ఆ హక్కు ఉండినది. వయసు ఎంతో ప్రత్యేకంగా అడగకపోవడం వల్ల నిరూపించలేకపోయాను.

బయలుదేరే ముందు నీ బ్లెండర్ ఫైలు ఒకటి పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్లు. అంగట్లో సిద్ధంగా ఉన్న రెండు యంత్రాల మీద అదే ఫైలును నడిపించి, ఒక్కొక్కటి ఎన్ని నిమిషాలు తీసుకున్నదో వ్రాసుకో. పుంగనూరు సోదరి కుమారుడు కూడా తన ఆల్బము ఫైలు ఒకటి, పెళ్లి వీడియో ముక్క ఒకటి అలాగే తీసుకువెళ్లాలి. అంగడివాడు ఒప్పుకోకపోతే పక్క అంగడి ఉంది. ఆ నిమిషాల లెక్కలు ఈ శీర్షిక చిరునామాకు వ్రాసి పంపండి. మా మద్రసా యంత్రాన్ని కూడా మార్చవలసిన సమయం వచ్చింది, ఈసారి చీటీ చూసి కొనే ధైర్యం నాకు లేదు.